పూత మీద పూత

పోయిన వారం మనం ఆమెను అద్దం ముందు వదిలేసి వచ్చాం. రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది. ఇంకా దించలేదు.

ఆమె ఎవరో మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫోటో స్టూడియోలో దిద్దుబాటు పని ఆమెది. మొటిమలు, గాయాల గాట్లు, కళ్ల కింది చారలు, చంకల్లో నలుపు, ఏదైనా సరే తెర మీద తుడిచేస్తుంది. అందుకే యజమాని ఆమెను రబ్బరు అంటాడు. ఆ పేరే నిలిచిపోయింది. బట్టల సబ్బు క్యాలెండరు కోసం, తీగ మీద దుప్పట్లు ఆరేస్తున్న మనిషి ఫోటో కావలసివచ్చింది. రావలసిన అమ్మాయి రానంది. యజమాని రబ్బరు వైపు చూశాడు. "నువ్వే నిలబడు. ఎలాగూ దిద్దుకునేదీ నువ్వేగా," అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ అన్న మాటలే ఎముకలో దిగబడతాయి.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టుదల. తన ఫోటోను తాను తుడవకూడదు. తుడవాల్సిన పనే పడకూడదు. తన చంకల్లో నలుపు పోగొట్టుకోవడానికి గ్లైకోలిక్ యాసిడ్ తెచ్చుకుంది. మొదట తెచ్చింది ముఖానికి రాసుకునే పలచటి రకం. దాంతో నలుపు కాస్త తగ్గినట్టే అనిపించింది. ఫోటో రోజు దగ్గరపడేసరికి ఓపిక చచ్చింది. చర్మం డాక్టర్లు తమ చేత్తో తాము వాడే ఘాటు రకం ఎలాగో సంపాదించింది. చంకలు గొరుక్కుని, ఆ వెంటనే పూసింది. ఆరనిచ్చి ఇంకో పూత. దాని మీద ఇంకొకటి.

ఆ తప్పు దిద్దుబాటు పని చేసేవాళ్లే చేస్తారు. తెర మీద ఆమె పద్ధతి అదే. ఒక్కసారిగా గట్టిగా తుడిస్తే ఫోటో చెడిపోతుంది. పలచగా, పొర మీద పొర వేసుకుంటూ పోవాలి. మితిమీరితే ఒక మీట నొక్కి వెనక్కి రావచ్చు. చర్మానికి ఆ మీట లేదు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

మొదట మంట కాదు, చల్లదనం. కిటికీ లోంచి పొద్దుటి వెలుగు పాలు ఒలికినట్టు నేల మీద పరుచుకుంది. ఆమె ఆ వెలుగులో మోకాళ్ల దాకా మునిగి నిలబడినట్టుంది. గది గోడలు కొంచెం వెనక్కి జరిగాయి. అద్దంలో చేతులెత్తిన మనిషి ఎవరో, దూరం నుంచి ఎవరినో పిలుస్తున్నట్టు కనిపించింది. ఎవరిని పిలుస్తోందో గుర్తు రాలేదు. తెర మీద రోజూ చూసే చేతులన్నీ ఆమె చుట్టూ లేచాయి. ఎత్తిన చేతులు, నీళ్లలో నాచులా మెల్లగా ఊగే చేతులు, ఒక్క మచ్చ లేని చేతులు. అవన్నీ తాను తుడిచినవే. వాటి మధ్య తనవి రెండు.

అప్పుడు అంటుకుంది.

ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. పెద్దమ్మ దర్జీ. ఇంటి ముందు గదే ఆమె కొట్టు. తల్లి లేని ఈ పిల్లను పెంచింది ఆమే, తల్లి అక్క. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల కొలతలు ఆమె వేళ్లకు తెలుసు. చేతులెత్తమ్మా అనగానే ప్రతి ఆడమనిషీ ఒకటే మాట అంటుంది: "స్నానం చేసే వచ్చానండీ." పెద్దమ్మ దాన్ని చెప్పి నవ్వుతూ ఉంటుంది. "చంకలో కాస్త నలుపుంటే ఆడది నాకు క్షమాపణ చెప్తుందే. మగవాడు చెమట కంపుతో వచ్చి కూర్చుని, మీ కుర్చీ బాగాలేదంటాడు."

"గౌను అయిపోయింది. తొడుక్కుని చూడవే. చంక దగ్గర పట్టేస్తుందేమో," అంది గుమ్మం అవతలి నుంచి.

"తర్వాత చూస్తాలే పెద్దమ్మా."

"తర్వాతంటే ఎప్పుడు? రేపు ఫోటో తీశాకా?"

తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో నీలం గౌను, చేతుల్లేనిది. ఒక్క క్షణం అలాగే చూసింది.

"ఏమిటే ఆ నిలబడటం? వానకు తడిసిన కాకి రెక్కలు ఆరబెట్టుకున్నట్టు?"

 పెద్దమ్మ దగ్గరికి వచ్చి చూసింది. గౌను మంచం మీద పడేసింది. అరవలేదు. మోచెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి లాక్కెళ్లి, మగ్గుతో నీళ్లు పోయడం మొదలుపెట్టింది. పోస్తూనే ఉంది. చర్మం ఎర్రగా కమిలి, అంచుల్లో తెల్లగా పొంగి ఉంది.

"ఏం పూశావు?"

"యాసిడ్."

"యాసిడా? బాత్రూం కడిగేదా?"

"అది కాదు పెద్దమ్మా. ఇది వేరు. చెరకులో కూడా ఉంటుందట."

"చెరకు నమిలి పారేస్తారు గానీ చంకలో పెట్టుకుంటారటే? ఎవరు చెప్పారు నీకు?"

"అందరూ వాడుతున్నారు."

"అందరూ ఇలాగే గొరిగిన చోట పూతల మీద పూతలు పూసుకున్నారా?"

రబ్బరు ఏడవలేదు. నీళ్లు నడుము మీంచి జారుతుంటే ఒకటే అడిగింది. "రేపటికి తగ్గుతుందా?"

పెద్దమ్మ మగ్గు కింద పెట్టింది. ఈ పిల్ల చిన్నప్పుడు కాలు విరిగినా ఇదే అడిగింది. నొప్పి గురించి అడగదు. పరువు గురించి అడుగుతుంది. ఎవరి పోలికో పెద్దమ్మకు తెలుసు. తెలిసినా చెప్పలేదు. అప్పటికి ఇంకా చెప్పలేదు.

డాక్టరు దగ్గరికి నడిచే వెళ్లారు. వీధి అంతా ఎండ. తాళాలు బాగుచేసేవాడు, చెప్పుల కొట్టు, ఐసు బండి, అన్నీ ఆమెకు కొంచెం మసకగా, కొంచెం దూరంగా కనిపించాయి. మంట ఒక స్థాయి దాటాక మనిషి తన ఒంటి బయటికి వచ్చేస్తాడు. ఆమె తన వెనకే తాను నడుస్తున్నట్టుంది. ఎదురొచ్చేవాళ్ల ముఖాలు నీళ్ల అడుగున గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి. ఒక్కరికీ మచ్చ లేదు. ఎవరో ముందే వచ్చి వీధి అంతా దిద్ది వెళ్లారనుకుంది. చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని నడుస్తుంటే ఐసు బండివాడు నవ్వాడు. పెద్దమ్మ వాడి వైపు చూసింది. వాడు నవ్వు మింగేశాడు.

చర్మం డాక్టరు వయసు మళ్లిన ఆడమనిషి. మాట తక్కువ. దీపం దగ్గరికి లాగి చూసింది. ఒక చల్లటి మందు పట్టించింది. గది నిండా లేత ఆకుపచ్చ తెరలు. వాటి లోంచి వచ్చే వెలుగులో ముగ్గురూ చెరువు అడుగున కూర్చున్నట్టు ఉన్నారు. నెత్తి మీద ఫ్యాను మెల్లగా తిరుగుతోంది.

"ఎవరు రాయమన్నారమ్మా ఇది?"

"ఎవరూ చెప్పలేదండి."

"ఈ యాసిడ్ చెడ్డదేం కాదు. పలచటిది, రోజు మార్చి రోజు, గొరగని చర్మం మీద రాసుకుంటే నెలల మీద కాస్త తేట పడుతుంది. నువ్వు గోడకు సున్నం కొట్టినట్టు కొట్టావు. కాలిన చోట ఇప్పుడు ఇంకా నల్లబడుతుంది. అది పోవడానికి చాలా కాలం పడుతుంది. పుండు మానేదాకా చేతులు పైకెత్తకు. లాగితే పగులుతుంది."

"రేపొక్క రోజు ఎత్తొచ్చాండీ? కాసేపే."

డాక్టరు ఆమె ముఖంలోకి చూసింది. "కాలినవాళ్లు నొప్పి తగ్గించమని అడుగుతారు. నువ్వేంటమ్మా, చేతులెత్తనివ్వమంటున్నావు?" అని, జవాబు కోసం ఆగకుండా, "వెనక్కి తిరుగు. జుట్టు పైకి తియ్యి," అంది.

రబ్బరు తియ్యలేకపోయింది. పెద్దమ్మ లేచి జుట్టు పక్కకు తీసి పట్టుకుంది. డాక్టరు మెడ మీద వేలు పెట్టి నిమిరింది. అక్కడా నల్లగా, మడతలు పడి, ముఖమల్ గుడ్డలా ఉంది.

"ఇది ఎప్పటి నుంచి?"

"ఎప్పటి నుంచో. ఎంత రుద్దినా పోదు."

"రుద్దితే పోయేది కాదు. ఇది మురికి కాదమ్మా. లోపల జరిగేదాన్ని చర్మం పైకి చెప్తోంది. ఒంట్లో చక్కెర లెక్క తప్పినప్పుడు చాలామందిలో మెడ, చంకలు ఇలా అవుతాయి. లోపలిది సరిచేస్తే పైది దానంతట అదే తేట పడుతుంది. పైన ఎంత పూసినా లోపలిది అలాగే ఉంటుంది. రక్తం పరీక్ష చేయించాలి. దాహం ఎక్కువా?"

"కొంచెం ఎక్కువే."

"ఇంట్లో ఎవరికైనా షుగరుందా? అమ్మకు?"

"అమ్మ లేదండి. నా చిన్నప్పుడే పోయింది."

"దేనితో?"

  ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ రబ్బరును ఇలా అడగలేదు. అయ్యో పాపం అన్నవాళ్లే గాని, దేనితో అన్నవాళ్లు లేరు. జ్వరం అని ఒకప్పుడు విన్నది. గుండె అని ఇంకొకప్పుడు. నీళ్లలో కాలు జారిందని కూడా ఎప్పుడో విన్నట్టుంది. అన్నీ పెద్దమ్మ నోటి నుంచే. ఆమె పెద్దమ్మ వైపు తిరిగింది.

పెద్దమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. సంచి పట్టీని వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతోంది.

"తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి," అంది డాక్టరు. "ఊహించి మాత్రం చెప్పకండి. మీ ఊహకు నేను మందు రాయలేను."

ఫ్యాను తిరుగుతోంది. ఆకుపచ్చ వెలుగు కదిలింది. పెద్దమ్మ పట్టీని విప్పేసి, చేతులు సంచి మీద ఆనించింది.

"షుగరే," అంది. "మెడా, చంకలూ అచ్చం ఇలాగే ఉండేవి, వయసొచ్చినప్పటి నుంచీ. మా అమ్మ ఇటుకపొడితో రుద్దేది. పోయిన ఏడాది నుంచి సూదులు పొడుచుకుంటోంది."

"ఎంత మోతాదో కనుక్కోగలరా?"

"కనుక్కుంటాను."

డాక్టరు తలూపి, పరీక్ష కాగితం చేతికిచ్చి, తర్వాతి మనిషిని పిలిచింది. ఆమెకు ఇందులో వింతేమీ కనిపించలేదు. చావుకబురు చల్లగా చెప్పేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. బతుకు కబురు ఇంత చల్లగా చెప్పినవాళ్లను రబ్బరు చూడలేదు.

బయట వరండాలో బల్ల ఉంది. పెద్దమ్మ కూర్చుంది. రబ్బరు నిలబడే ఉంది.

"ఎవరు పొడుచుకుంటోంది పెద్దమ్మా సూదులు?"

"విన్నావుగా."

"మళ్లీ చెప్పు."

"మీ అమ్మ."

వరండా చివర ఎండ తెల్లగా మండుతోంది. ఎవరో పసిబిడ్డను ఎత్తుకుని ఆ తెలుపులోకి నడిచి, అందులో కరిగిపోయారు. రబ్బరు వాళ్లు కరిగిన చోటే చూస్తూ నిలబడింది.

"పోయిందన్నావు."

"అన్నాను."

"జ్వరం అన్నావు. గుండె అన్నావు."

"ఏది చెప్పానో నాకే గుర్తుండేది కాదు. నిజమైతే గుర్తుండేది."

"ఎందుకు?"

"చచ్చిందంటే ఒకసారి ఏడ్చి ఊరుకుంటావు. వదిలేసి పోయిందంటే రోజూ గుమ్మంలో కూర్చుంటావు. చిన్నదానివి. గుమ్మంలో కూర్చునే పిల్లను నేను పెంచలేననుకున్నాను."

ఈ మాటలో న్యాయం ఉందని చదివేవాళ్లలో కొందరు అంటారు. లేదు. అబద్ధం చెప్పేవాళ్లు ముందు తమ పని సులువు చేసుకుంటారు. ఆ తర్వాత దానికి జాలి అని పేరు పెట్టుకుంటారు. పెద్దమ్మ చెడ్డది కాదు. ఆ పిల్లకు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్న మనిషే. అయినా అబద్ధం అబద్ధమే. ఇవాళ ఆ పిల్ల ఒంట్లో జబ్బు బయటపడకపోతే ఆ అబద్ధం పెద్దమ్మతో పాటే కాటికి పోయేది.

"మా నాన్న కూడా బతికే ఉన్నాడా?"

"లేడు. అది నిజం. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టు పెట్టకు. ఇంకెవరి మీదైనా పెట్టు."

పెద్దమ్మ తలవంచుకుంది.  "పోయిన ఏడాది కొట్టుకొచ్చింది. గౌను కుట్టమంది. నేను తల ఎత్తలేదు. అలవాటుగా చేతులెత్తమన్నాను. స్నానం చేసే వచ్చానక్కా, అంది. చూద్దును కదా, అదే చంక. చిన్నప్పుడు నా పక్కలో పడుకున్న మనిషి. ముఖం చూస్తే పోల్చలేకపోయేదాన్ని, అంతలా మారిపోయింది. చంక చూసి గుర్తుపట్టాను."

"ఏమన్నావు?"

"కొలతలు తీసుకున్నాను."

"అంతేనా?"

"మరేమనాలి? పద్దెనిమిది అంగుళాలు అన్నాను.  అదే అడిగింది, పిల్ల ఎలా ఉందని."

"ఎందుకు వెళ్లిందట?"

"అది దాని నోటితో అదే చెప్పాలి. ఒక అబద్ధం మోసి నడుం విరిగింది. ఇంకొకరి నిజం కూడా నేను మొయ్యలేను."

"నన్ను చూడాలనలేదా?"

"అంది. వద్దన్నాను. ఇన్నేళ్లకు వచ్చి గుమ్మంలో నిలబడితే పిల్ల ఏమైపోతుందన్నాను. నీకు కనబడనని మాట ఇచ్చింది. తప్పలేదు కూడా. కానీ..."

"కానీ ఏంటి?"

పెద్దమ్మ వేళ్లతో కళ్లు ఒత్తుకుంది. "నీ చేతి పని చూడాలనుకుంది. కనబడకూడదు, నీ పని మాత్రం తన దగ్గర ఉండాలి. ఈ వారం మీ స్టూడియోకి వెళ్లి ఫోటో తీయించుకుందట. నువ్వు లోపలి గదిలో ఉన్నావట. తలుపు సందులోంచి నీ వీపు చూసిందట. దాని ఫోటో దిద్దింది నువ్వే."

రబ్బరు కళ్లు మూసుకుంది. ఈ వారం తన చేతుల మీదుగా పోయిన ముఖాలన్నీ పిలిచింది. ఒక్కటీ రాలేదు. ముఖాలు ఆమెకు గుర్తుండవు. ఆమె ముఖాలు చూడదు. మచ్చ దగ్గరికి పోతుంది, మచ్చను తెర నిండా పెద్దది చేసుకుంటుంది, దాని అంచుల్లో పని చేసి వచ్చేస్తుంది. దిద్దిన మనిషి రేపు వీధిలో ఎదురొస్తే తప్పుకుని పోతుంది.

కానీ ఒక మెడ గుర్తుంది.

మొన్న మధ్యాహ్నం అనుకుంటా. పక్కకు తిరిగి కూర్చున్న మెడ. మడతల్లో నల్లగా, ముఖమల్‌లా. అది తుడవడానికి చాలాసేపు పట్టింది. పొర మీద పొర. చివరికి గడ్డం కింది నుంచి భుజం దాకా పాలరాయిలా తేలింది. బాగా వచ్చిందని తనకు తానే మెచ్చుకుంది. లేచి నీళ్లు తాగింది. తన మెడ మీద అదే ఉందని ఆమెకు తట్టనే లేదు. తన మెడ వెనక ఏముందో ఏ మనిషి చూసుకుంటుంది?

ఊహ తెలిశాక తల్లిని మొదటిసారి చూసింది. చూసి తుడిచేసింది.

"ఇవాళ శనివారమా?" అంది ఉన్నట్టుండి.

"అవును. ఏం?"

రబ్బరు అప్పటికే మెట్లు దిగుతోంది. శనివారం మధ్యాహ్నం యజమాని ఫోటోలుండే కంప్యూటరు ఖాళీ చేస్తాడు. దిద్దినవి ఉంచుతాడు. దిద్దకముందటి అసలువి పారేస్తాడు. అమ్ముడుపోని సరుకు చోటెందుకు తినాలంటాడు.

"పరీక్ష చేయించుకోవే ముందు!" అని పెద్దమ్మ అరిచింది. "దానికి ఫోన్ చేస్తాను, ఆగు!"

ఆమె ఆగలేదు. ఎండలో చేతులు ఎడంగా పెట్టుకుని పరిగెత్తింది. మందు కారిపోయింది. చర్మం చిట్లిన చోట చెమట పడి భగ్గుమంది. వీధి మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా ఆమె కింద జారిపోతోంది. కలలో పరిగెత్తినట్టు ఎంత పరిగెత్తినా స్టూడియో బోర్డు అంత దూరంలోనే ఉంది. ఆ తర్వాత ఒక్కసారిగా మీదకు వచ్చేసింది.

యజమాని కంప్యూటరు ముందు కూర్చుని పల్లీలు నములుతున్నాడు.

"ఏం రబ్బరూ, రేపటికి సిద్ధమేనా? ఆ చేతులేంటి, బాతు రెక్కల్లా?"

"రేపు నేను నిలబడను. వేరేవాళ్లను చూసుకోండి. ముందు ఆ తుడవడం ఆపండి."

"నువ్వు తుడిస్తే పని, నేను తుడిస్తే తప్పా?"

"ఆపండి అన్నాను."

ఆమె గొంతు అతను ఎప్పుడూ అలా వినలేదు. చేయి తీసేశాడు. తెర మీద చిన్న చిన్న ఫోటోలు వరసలుగా ఉన్నాయి. పై వరసలు అప్పటికే ఖాళీ. తెల్లటి గళ్లు, మంచు కురిసిన పొలంలా. కింద ఇంకా కొన్ని మిగిలాయి.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఒక్కొక్కటీ తెరిచింది. చేయి కదిలినప్పుడల్లా పళ్లు బిగించింది. పెళ్లికొడుకు. పసిబిడ్డ. ఎవరో ముసలాయన. ప్రతి దాంట్లోనూ నేరుగా మెడ దగ్గరికి పోయింది. నున్నటి మెడ. ముడతల మెడ. గొలుసున్న మెడ.

చివరి వరసలో, చివరి దాని ముందుది. తెరిచింది.

ఆ నలుపు తెర నిండా విచ్చుకుంది. ఎవరూ తుడవని నలుపు. మడత మడతకీ ఆమెకు తెలుసు. యజమాని పక్కకు వంగి, "ఛ, ఇదెంత మురికిగా ఉందో చూశావా? నువ్వు భలే దిద్దావులే దీన్ని," అన్నాడు.

"మురికి కాదు," అంది ఆమె.

మెడ దగ్గర ఆగింది. ఆగడం ఆమెకు అలవాటు. అక్కడి నుంచి పైకి వెళ్లడమే ఎన్నడూ చేయలేదు. మండుతున్న చేతిని మెల్లగా కదిపింది. తెర మీద మెడ కిందికి జారింది. చెవి తమ్మె వచ్చింది. గడ్డం అంచు వచ్చింది. ఆ గడ్డాన్ని ఆమె రోజూ అద్దంలో చూస్తుంది.

ఇంకొంచెం కదిపితే ముఖం.